తారుకు తీగపాకం

ఆ రోజుల్లో మా చిత్తూరు వైపు సొంత వ్యాను ఉన్న కుర్రవాడంటే ఊళ్లో ఒక లెక్క ఉండేది. ఆ వ్యాను నడిచేదా, తోయాల్సిందా అని ఎవరూ అడిగేవారు కాదు. నాది తోయాల్సింది. పాకాలలో ఒక టమోటాల వ్యాపారి వాడి వాడి వదిలించుకున్నదాన్ని మోజుపడి తెచ్చుకున్నాను. పైకి రంగు బాగానే ఉండేది గానీ, ఏళ్ల తరబడి కారిన టమోటా రసమూ వానల బురదా కలిసి అడుగు రేకును తినేశాయి. నా కాళ్ల దగ్గర గోనెపట్ట ఎత్తితే కింద రోడ్డు కనిపించేది (ఎంత వేగంగా పోతున్నామో తెలుసుకోవడానికి అదే నయమనిపించేది, ముల్లు తిరిగే మీటరు ఎలాగూ లేదు కాబట్టి).

మా నాయన చెరుకు రైతు. బెల్లం పాకం చూడడంలో ఆయనకు పెట్టింది పేరు. వ్యానంటే మాత్రం అస్సలు గిట్టదు. ఫిట్‌నెస్ పరీక్షలో అది నెగ్గకపోతే పాత ఇనుముకు వేసేసి, నన్ను గూడూరులో నిమ్మకాయల మండీ నడిపే మామ దగ్గరికి గుమాస్తాగా పంపిస్తానని తేల్చి చెప్పాడు. మామ మంచివాడే. కానీ జీవితమంతా నిమ్మకాయలు ఏరుతూ కూర్చోవడం తలచుకుంటేనే నాకు పళ్లు పులిసేవి.

చిత్తూరు షెడ్డులో మేస్త్రి రంధ్రానికి రేకు అతికించి, "తంబీ, అడుగంతా తారు కాంచి పూయాల. లేకుంటే తుప్పు మళ్లా వస్తాది. మాకిడిసిపెట్టిపో, మేం పూస్తాం" అన్నాడు. ఆ మాత్రం నాకు చేతకాదా అనుకుని, తారు డబ్బా వ్యానులో వేసుకుని ఇంటికి వచ్చేశాను. చేలో ఎండిపోయిన కాలువకు అడ్డంగా వ్యానును నిలిపి, కింద నేను దూరేలా ఏర్పాటు చేసుకున్నాను. బెల్లం వండే పొయ్యి మీద, అంచు చిట్లిందని పక్కన పడేసిన పాత పెనం పెట్టి, తారు వేసి మంట పెట్టాను. పెనాన్ని తోమాలని నాకు తోచలేదు.

వాసనకు నాయన వచ్చాడు. వచ్చినవాడు తిట్టి వెళ్లిపోతాడనుకున్నాను. దూరంగా తలపాగా చుట్టుకుంటూ కాసేపు నిలబడ్డాడు. పెనంలో తారు బుడగలు వేస్తూ పైకి లేస్తోంది. ఆయన కాళ్లు వాటంతటవే దగ్గరికి వచ్చాయి.

"ఒరే, మంట తగ్గించు! పొంగతా ఉండాది, కండ్లు కనపళ్లేదా?"

"తారు నాయనా, బెల్లం గాదు."

"ఏదైతే ఏంరా, పొయ్యి మీద పెట్టినాక పాకమే గదా! ఇట్ల తే తెడ్డు."

అంతే, తెడ్డు చేతులు మారింది. వ్యాను సంగతి ఆయన మరిచిపోయాడు. చెంబులో చన్నీళ్లు తెమ్మన్నాడు, బొట్టు వేసి ఉండకట్టి చూశాడు, "ఇంగా లేత" అని తల ఊపాడు. మళ్లీ పొంగు లేచేసరికి, చెయ్యి అలవాటు కొద్దీ పొయ్యి పక్క గూట్లోని ఆముదం బుడ్డి అందుకుని ధారగా పోసేశాడు. బెల్లం పొంగు అణగడానికి పోసినట్టే. పొంగు అణిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూస్తూ ఇది తారని మళ్లీ గుర్తు చేయడానికి నాకు మనసు రాలేదు. కాలువలో వెల్లకిలా పడుకుని, ఒళ్లంతా నలుపు చేసుకుంటూ పూతంతా పూశాను.

అది ఆరలేదు. పైగా పెనానికి పట్టిన పాత బెల్లపు చెక్కు తారులో కరిగినట్టుంది, ఊళ్లో చీమలన్నీ వ్యాను కిందికి విందుకు వచ్చాయి. వచ్చినవి తిరిగి వెళ్లలేదు.

పరీక్ష రోజు నాయన కూడా వస్తానని పక్కన కూర్చున్నాడు. ఇనస్పెక్టరు గారు వంగి, చిన్న సుత్తితో అడుగున తట్టారు. సుత్తి అతుక్కుపోయింది. ఆయన లాగారు. సుత్తి వెంట నల్లటి తీగ సాగుతూ వచ్చింది, దాని మీద చీమలు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు ఆయన, తెల్ల చొక్కాను కాపాడుకుంటూ.

నేను నోరు తెరిచేలోపే నాయన ముందుకొచ్చాడు. "తీగపాకం వచ్చిండాది సార్. ఉండపాకం దాంకా ఉంచుండాల. రవంత తొందరపడినాము."

ఇనస్పెక్టరు గారు ఆయన్నీ సుత్తినీ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకోలేక, "ఆరాక తీసుకురా పెద్దాయనా" అని పంపించేశారు.

తిరుగుదారి పట్టాం. నా కళ్ల ముందు గూడూరు నిమ్మకాయలు గుట్టలుగా కనిపిస్తున్నాయి. ఏడుపొక్కటే తక్కువ. పూతలపట్టు దగ్గర టీ తాగుతూ నాయన గ్లాసు పక్కన పెట్టాడు.

"మీ మామకు ఇంగొకర్ని సూసుకోమని సెప్తాలే. రేపు ఆ తారంతా గీకెయ్. పెనం నేనే తోమతా. ఈ తూరి ఆముదం పొయ్యను."

టీ చాలా వేడిగా ఉందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. రెండోసారి పూత రాయిలా ఆరింది, వ్యాను నెగ్గింది, చాలా ఏళ్లు నాకు అన్నం పెట్టింది.

మొన్న తిరుపతిలో నా కారుకు అడుగున పూత వేయించాను. గొట్టంతో చిమ్మేసి, అయిపోయింది చూసుకోండి సార్ అన్నాడు షెడ్డు ఆయన. మోకాళ్లు పట్టుకుని వంగి, వేలితో తాకి, బొటనవేలితో సాగదీశాను. "ఇంగా తీగపాకమే ఉండాదప్పా" అన్నాను. అతను వింతగా చూశాడు. నా గొంతులో నాయన పలికినందుకు నాకే నవ్వొచ్చింది. చేతిలో ఆముదం బుడ్డి ఒక్కటే లేదు.