మూఢం రాకముందే పొంగిన పాలు

మా అక్కకు ఫ్లాటు అమ్మిన బిల్డర్‌ను పట్టపగలు వాడి ఆఫీసు ముందే నరికేశారన్న వార్త, ఫ్లాట్లు కొన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడ్డప్పుడు, నేను బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా కంపెనీ క్యాంటీన్‌లో ఇడ్లీ తింటున్నాను. తినడం ఆపలేదు. ఇంకో ప్లేటు కూడా తెచ్చుకున్నాను. గ్రూపులో అప్పటికే దండాల బొమ్మలు బారులు తీరాయి. నిన్నటిదాకా వాడి పేరెత్తితే బూతులు తప్ప రాయనివాళ్ళు "ఓం శాంతి" అంటున్నారు. వాళ్ళ మధ్యలో ఒక పెద్దమనిషి అడిగాడు: "మరి మన లిఫ్టు సంగతి?"

వాడిది మా సీమే. తెలుగు వినబడితే చాలు, "మనోళ్ళు" అంటూ భుజం మీద చెయ్యి వేసేవాడు. తడిగుడ్డతో గొంతు కోసే రకం. ఊరి చివర చందాపుర అవతల లేపుతున్న ఆ అపార్ట్‌మెంటులో ఒక్కో ఫ్లాటును ఇద్దరిద్దరికి అమ్మాడన్న సంగతి తర్వాతెప్పుడో బయటపడింది. మా అక్క ఫ్లాటూ అందులో ఒకటి.

బావ పోయాక అక్క అనంతపురంలో ఉన్న కాస్త స్థలం అమ్మేసి నా దగ్గరికి వచ్చింది. బ్రూక్‌ఫీల్డ్‌లోనే కర్రీ పాయింట్ పెట్టుకుంది. నా ఇంట్లో ఉండమంటే ఉండలేదు, పక్కవీధిలో అద్దెకు దిగింది. ఆ ఇంటి ఓనరమ్మ గోడకు మేకు కొట్టనివ్వదు. బావ ఫొటో ఫ్రిజ్ మీద గోడకు ఆనించి ఉండేది. ఫ్రిజ్ తలుపు గట్టిగా వేసినప్పుడల్లా బోర్లా పడేది. "నా గోడకు నేను మేకు కొట్టుకోవాలప్పా, అంతే," అనేది అక్క. ఆమె ఇల్లు కొన్నది అందుకే.

ఇల్లు సగంలో ఉండగా బిల్డర్ అందరికీ ఫోన్లు చేశాడు. మూఢం వస్తోందట. అది వచ్చిందంటే నెలల తరబడి గృహప్రవేశాలు ఉండవు కదా! "ముందు పాలు పొంగించుకోండి. లిఫ్టు, కరెంటు నా బాధ్యత." పురోహితుణ్ణి కూడా వాడే తెచ్చాడు. కిటికీలకు రెక్కల్లేవు, కొళాయిల్లో చుక్క లేదు, గుమ్మాలకు తలుపుల్లేవు. అయినా అంతస్తు అంతస్తుకూ పాలగిన్నెలు ఎక్కాయి. ఆఫీసులో ఒక్క అక్షరం తప్పు పడితే పీకలమీదకు వచ్చినట్టు వెతికే ఇంజినీర్లు, పట్టుపంచెలు కట్టుకుని, తలుపు లేని గుమ్మంలోంచి కుడికాలు ముందు పెట్టి నడిచారు. మూఢానికి భయపడినదాంట్లో పావు వంతు మోసానికి భయపడి ఉంటే బాగుపడేవాళ్ళం.

బిల్డర్ ప్రతి ఇంటికీ వచ్చి ఫొటో దిగాడు. అక్క దగ్గర పరమాన్నం అడిగి మరీ తిన్నాడు. "అక్కా, నన్ను మీ తమ్ముడనుకోండి," అన్నాడు. అసలు తమ్ముణ్ణి, నేను పక్కనే గరిట పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఏళ్ళు గడిచినా లిఫ్టు రాలేదు, తలుపులు రాలేదు. అందరం కలిసి కేసు వేశాం. వాడు జడ్జి ముందు ఆ ఫొటోలే పెట్టాడు. ఇళ్ళు ఎప్పుడో అప్పజెప్పేశాననీ, మేమంతా పాలు కూడా పొంగించుకున్నామనీ, ఎలా నవ్వుతున్నామో చూడమనీ చెప్పాడు. కోర్టులో అక్క మొహం చూడలేకపోయాను. ఆ ఫొటోలో నిజంగానే నవ్వుతోంది.

ఇంతలో ఈ హత్య. పోలీసులు ముందు మమ్మల్నందరినీ అడిగి, చివరికి వాడి భాగస్వామిని పట్టుకున్నారు. పంపకాల దగ్గర చెడిందట. చంపినవాడు మాలాంటివాళ్ళ తరఫున కత్తి పట్టిన వీరుడేమీ కాడు, వాటా సరిపోని ఇంకో దొంగ. ఇద్దరి మీదా నాకు ఒకేలాంటి అసహ్యం.

గ్రూపువాళ్ళు మాత్రం మీటింగు పెట్టారు. ఇంత ఘోరం జరిగింది కాబట్టి బిల్డింగుకు దోషం పట్టిందట, శాంతి హోమం చేయించాలట. పిలిచింది మళ్ళీ ఆ పురోహితుణ్ణే! నాకు నవ్వు రాలేదు, కంపరం పుట్టింది. వెనక కుర్చీలోంచి అక్క లేచింది.

"వానికి శాంతి ఎందుకప్పా? బతికినన్నాళ్ళూ శాంతంగానే ఉండె గదా. లేంది మనకే."

మర్నాడు పొద్దున కర్రీ పాయింట్ తెరవలేదు. ట్రాలీ ఆటోలో పొయ్యి, గిన్నెలు, పరుపు, బావ ఫొటో వేసుకుని చందాపుర బయల్దేరింది. రెండోసారి కొన్నవాళ్ళు ముందు దిగితే ఇక ఆ ఇల్లు దక్కదని ఆమె భయం. నేనూ ఎక్కాను. గేటు దగ్గర భాగస్వామి తాలూకు మనిషి అడ్డం వచ్చాడు.

"యాడికి పోతారమ్మా? ఇంకా హ్యాండోవర్ కాలేదు."

"అయిందప్పా. మీ బిల్డరే జడ్జి ముందర చెప్పినాడు, పాలు పొంగించినారు, ఇల్లు ఇచ్చేసినా అని. కాదంటే ఆయన్నే పిల్చుకోని రా, పో."

వాడు గేటు తీశాడు. మేం మెట్లెక్కాం.

తలుపు లేని ఆ ఇంట్లో అక్క మొదట చేసిన పని మేకు కొట్టడం. దెబ్బకు పెచ్చు ఊడి గుప్పెడు ఇసుక రాలింది. గోడలో సిమెంటు పేరుకే ఉంది. "దొంగనాయాలు," అని ఇంకోచోట కొట్టింది. అక్కడా రాలింది. కిటికీ పక్కన ఎలాగో నిలిచింది. బావ ఫొటో తగిలించి, అది పడిపోతుందేమోనని కింద అరచేయి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.