పడమటి వైపు నాలుగు డాబాలు

నేను మొక్కలు పెంచడం మొదలుపెట్టింది ఇష్టంతో కాదు, ఉక్క భరించలేక. యానాం ఫరంపేటలో ఇల్లు కట్టుకున్న మొదటి వేసవిలో స్లాబు వేడికి కింది గదుల్లో కూర్చోలేకపోయేవాళ్లం. పైన నాలుగు పాదులు పాకిస్తే కాస్త చల్లబడుతుందని ఆఫీసులో ఎవరో అన్నారు. చేపలకు ఐసు వేసి పంపే తెల్లటి థర్మాకోల్ పెట్టెలు యానాంలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. ఓ పది తెచ్చి, అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, బీర, కాకర పెట్టాను. ఏడాది తిరిగేసరికి ఆఫీసు నుంచి రాగానే కొంగు దోపుకుని పైకి వెళ్లడం అలవాటైపోయింది. ఇష్టం ఆ తర్వాతే వచ్చింది.

గ్రూపులో చేరింది కాకర పుణ్యమా అని. తీగంతా పూలే, ఒక్క పిందె లేదు. ఫోనులో వెతుకుతుంటే, గోదావరి జిల్లాల్లో డాబాల మీద తోటలు పెంచుకునేవాళ్ల గ్రూపు ఒకటి కనిపించింది. ఫొటో పెట్టి అడిగాను. పావుగంటలో జవాబు.

“అమ్మా, అవన్నీ మగపూలు. కంగారు పడకండి, ఆడపూలు వెనకాల వస్తాయి. వచ్చాక పొద్దున్నే ఒక మగపువ్వు తుంచి వాటికి తాకించండి. పిందె పడ్డాక మాకు చూపించాలి సుమండీ.”

రాసింది ఆ గ్రూపు పెట్టిన మాస్టారు. గోదావరి వంతెన అవతల ఒక పల్లెటూళ్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయన నియమాలు రెండే. ఎవరినైనా గారు అనాలి. ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు తెలిసినవాళ్లు చెప్పకుండా దాటిపోకూడదు. నేను పిందె ఫొటో పెట్టిన వారానికి పోస్టులో ఒక కవరు వచ్చింది. పాత క్యాలెండరు కాగితం మడతలో ఆరు చమ్మకాయ గింజలు. కాగితం మీద గుండ్రటి అక్షరాలతో, “నానబెట్టనక్కర్లేదు” అని.

ఒక చలికాలం గ్రూపులోవాళ్లం ముప్పై మంది దాకా యానాంలోనే గోదావరి గట్టున కలుసుకున్నాం. అందరి చేతుల్లోనూ నారు కట్టలే. పులిహోర తింటూ, తెగుళ్ల గురించి బంధువుల కబుర్లు చెప్పుకున్నట్టు చెప్పుకున్నాం. గ్రూపులో చాలామంది ఆడవాళ్లలాగే నేనూ అసలు పేరు పెట్టుకోలేదు. నా పేరు మందారం, నా బొమ్మ మందార పువ్వు. ఆ రోజు వచ్చినవాళ్లకు తప్ప నా ముఖం ఎవరికీ తెలియదు.

తర్వాత మాస్టారి కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఫోను తెర మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయని, గ్రూపు బాధ్యత ఒకాయనకు అప్పగించారు. ఆయనది పెద్ద ఊరు, మొక్కల వీడియోలు చేస్తాడు, చురుకైనవాడు. అడిగినవాళ్లందరినీ లోపలికి రానిచ్చాడు. వందలున్న సభ్యులు వేలయ్యారు.

నాకు బాగా గుర్తున్నది ఒక వంకాయ ఆకు. ఎవరో కొత్తాయన ఆకు వెనక తెల్లటి బూజులాంటిది చూపించి ఇదేమిటండీ అని అడిగాడు. కొత్త నిర్వాహకుడు జవాబిచ్చాడు: “పిండినల్లి అని కూడా తెలియనివాళ్లు ప్లాస్టిక్ పూలు పెట్టుకుంటే మేలు.” కింద వరసగా నవ్వు ముఖాలు. అడిగినాయన “సారీ అండి” అని రాసి వెళ్లిపోయాడు. ఆ మాట తీసేయమని మాస్టారు మర్యాదగా కోరారు. “సరదాకి అన్నాం మాస్టారూ. మీరింకా క్లాసులోనే ఉన్నట్టున్నారు” అన్నాడు నిర్వాహకుడు. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో ఒకటి నాది. నిజం చెప్పాలంటే ఆ ప్లాస్టిక్ పూల మాట నాకు బాగుందనిపించింది.

కొన్నాళ్లకు అడిగేవాళ్లు తగ్గి, వెక్కిరించేవాళ్లు పెరిగారు. ఎవరు పదునుగా అంటే వాళ్ల చుట్టూ జనం. నాకు పదునుగా అనడం వచ్చని నాకే అప్పుడు తెలిసింది. ఆఫీసులో పాతికేళ్లుగా చిత్తగించవలెను అని రాసిన చేతికి ఆ పని కొత్త రుచిలా అనిపించింది.

ఒకరోజు అమ్మవారి బొమ్మ పెట్టుకున్న ఒకావిడ ఆనపకాయ ఫొటో పెట్టింది. కాయ మూరెడు పొడుగు, నున్నగా మెరుస్తోంది. “మాది దరియాలతిప్ప అండి. చేపలు కడిగిన నీలు పోస్తె ఆనప పాదు బాగ కాసిందండి. మీరు కూడ పోసుకొండి” అని రాసింది. అంతకు పదిరోజుల ముందే నిర్వాహకుడు చేపలూ బెల్లమూ కలిపి మురగబెట్టిన ద్రావణం గురించి వీడియో పెడితే అందరూ ఆహా అన్నారు. ఆవిడ చెప్పింది దాదాపు అదే. కానీ, “వాసనకి పక్కింటివాళ్లు ఖాళీ చేశారా?” అని ఒకరు, “ముందు అక్షరాలకు ఎరువు వెయ్యండి” అని ఇంకొకరు అందుకున్నారు. నేనూ రాశాను: “పాదుకు ఆ నీళ్లే పొయ్యండి. మీకు మాత్రం పలకా బలపం పంపిస్తాం, అడ్రసు పెట్టండి.”

ఆ పూట అందరికంటే ఎక్కువ నవ్వులు నా మాటకే వచ్చాయి. సాయంత్రానికి ఆవిడ ఫొటో తీసేసింది. నేను పులుసు కలుపుతూ కూడా ఫోను చూసుకుని నవ్వుకున్నాను.

అదే ఊపులో ఆ నెల నా తోటను ఉత్తమ తోటగా ఎంపిక చేశారు. “చుక్క పురుగుమందు ఎరుగని తోట” అని నిర్వాహకుడే రాశాడు. నేను కాదనలేదు. అప్పటికి అది నిజమే.

వానలు పట్టాక నా మిరప మొక్కలకు ఆకుముడత వచ్చింది. వేపనూనె కొట్టాను, పుల్లమజ్జిగ కొట్టాను, తగ్గలేదు. పూత రాలిపోతుంటే చూడలేక, పురుగుమందుల కొట్టులో అడిగి నీలం మూత సీసా ఒకటి తెచ్చి ఒకే ఒక్క సాయంత్రం కొట్టాను. చిగుళ్లు విప్పారాయి. ఫొటో పెట్టి, “అంతా వేపనూనె మహిమ” అని రాశాను. ఎందుకలా రాశానంటే భయం వల్ల. ఆ గ్రూపులో నిజం చెప్పిన మనిషికి ఏం జరుగుతుందో, జరిపించేవాళ్లలో ఒకదాన్ని కాబట్టి, నాకు బాగా తెలుసు.

రెండోరోజు పొద్దున్న ఆఫీసుకు బయల్దేరుతూ ఫోను తెరిచాను. ముఖం లేని కొత్త ఖాతా నుంచి ఒక ఫొటో. మా డాబా. చేతిలో స్ప్రేయరుతో నేను. పిట్టగోడ మీద నీలం మూత సీసా. నా వెనక తీగ మీద ఆరేసిన లంగాలు. “వేపనూనె సీసా ఇదేనటండీ. మన ఉత్తమ తోట” అని రాసి ఉంది.

చెప్పు ఒక కాలికి వేసుకుని రెండోది వేసుకోవడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను. ఆ ఫొటో ఎత్తు నుంచి తీసింది, పడమటి వైపు నుంచి. ఆ వైపు మాకంటే ఎత్తైన డాబాలు నాలుగున్నాయి. నాలుగిళ్లతోనూ మాకు రాకపోకలున్నాయి. వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు వడ్డన చేసినదాన్ని నేను.

తిట్లు వందల్లో వచ్చాయి. తిట్లు కాదు నన్ను కుదిపింది. “ఇంకా ఉన్నాయా ఫొటోలు?” అని ఎవరో అడిగారు. ఆ ముఖం లేని ఖాతా ఒక్క మాట రాసింది.

“బోలెడు.”

మర్నాడు మా గేటు ఫొటో వచ్చింది. గేటు లోపల నా స్కూటరు, నంబరుతో సహా. “ఈవిడ ఏ ఆఫీసో కనుక్కుంటే మనమే వెళ్లి వేపనూనె ఇచ్చి వద్దాం” అని కింద ఒకరు. నాలుగో రోజు నేను భోజనానికి లేచి వచ్చేసరికి నా బల్ల మీద కాగితం చుట్టిన చిన్న పొట్లం ఉంది. విప్పితే సీసా. వేపనూనె.

“ఎవరిచ్చారు?” అని అటెండర్ని అడిగాను.

“బండి మీద వచ్చాడండి. మీకిమ్మన్నాడు. హెల్మెట్ తియ్యలేదండి.”

ఇంటికొచ్చి మా ఆయనకు చూపించాను. సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పోలీసులకి చెబుదామా?” అన్నాడు.

“ఏమని చెబుతామండీ? వేపనూనె ఇచ్చారనా?”

మా ఆయన లేచి వెళ్లి, ఎప్పుడూ తెరిచి ఉండే మెట్ల తలుపుకు గడియ పెట్టి వచ్చాడు.

ఆ వారంలోనే మాస్టారు చాలాకాలం తర్వాత గ్రూపులో ఒక పెద్ద ఉత్తరం రాశారు. ఇంటి ఆడవాళ్లను చాటునుంచి ఫొటోలు తీయడం తోటమాలి పని కాదని, ఆ ఫొటోలు తీసేయమని. కింద ఆయన్ని ఏమన్నారో ఇక్కడ రాయలేను. సాయంత్రం ఆయన నుంచి ఫోను వచ్చింది.

“ఎలా ఉన్నారమ్మా?”

“బానే ఉన్నానండి.”

“ఉండరమ్మా, నాకు తెలుసు. ఆపరేషనైంది కానీ చూపు ఇంకా కుదురుకోలేదు. వాళ్లు రాసినవి మా ఆవిడ పైకి చదువుతోంది. చదువుతూ చదువుతూ ఆపేసి, ఇంకేం లేవండీ అంటోంది. ఆపిందంటే అక్కడేదో ఉందనే కదా.”

ఫోను పట్టుకునే మెట్ల మీద కూర్చున్నాను.

“మందు కొట్టిన మాట నిజమేనా అమ్మా?”

“నిజమేనండి. అబద్ధం రాశాను.”

“మందు కొట్టడం పెద్ద తప్పేం కాదమ్మా. చెప్పి ఉంటే, ఎన్ని రోజులాగి కాయ కొయ్యాలో చెప్పేవాణ్ణి. దానికే కదా గ్రూపు పెట్టుకున్నది.”

మర్నాటికి గ్రూపులో మాస్టారు లేరు. ఆయన పెట్టిన గ్రూపులోంచి ఆయన్నే తీసేశారు. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం పొద్దున్న చేపలావిడ వచ్చింది. ఆరేళ్లుగా మా వీధిలో చేపలమ్మే మనిషి. దరియాలతిప్ప నుంచి ఆటోలో వస్తుంది. మా గేటు దగ్గర తట్ట దించి, మెత్తళ్లున్నాయనో పండుగప్ప ఉందనో కేకేస్తుంది. ఆ రోజు తట్ట దించింది గానీ కేకెయ్యలేదు. నేను వెళ్లేసరికి గేటువంకా స్కూటరువంకా చూస్తూ నిలబడి ఉంది.

“అమ్మగారండి, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోరుగదా?”

“అడుగు.”

“ఫోన్లో మందార పువ్వు మీరేనాండి?”

ఆ అమ్మవారి బొమ్మ, ఆనపకాయ, దరియాలతిప్ప, ఒక్కసారిగా ఎదుట నిలబడ్డాయి. ఆ ఆనపకాయ పెట్టినావిడ మా గేటు ముందుకొచ్చే మనిషే కావచ్చని నేను ఏనాడూ ఆలోచించలేదు.

“నేనే” అన్నాను.

“ఆయ్. ఫోన్లో గేటు చూడగానే అనుకున్నానండి. అయితే పలకా బలపం పంపిస్తానన్నది మీరేనన్నమాట.”

కోపంగా అనలేదు. ఏ చేప కావాలండీ అని అడిగినట్టే అంది. తప్పయిపోయిందని నేనంటే, విననట్టు తట్ట మీది గోనెపట్టా సర్దింది.

“రాయడం ఈమధ్యే నేర్చుకున్నానండి. బ్యాంకులో ఏలిముద్ర ఎయ్యాలంటే సిగ్గేసి. పదిమందికి కనపడేలా రాసింది అదే మొదలండి. మా ఆయనక్కూడా చూపించాను, ఇదిగో నేనే రాశానని. సాయంత్రం మళ్లీ చూపించమంటే ఫోను పాడైపోయిందని చెప్పానండి.”

నేను గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ తలెత్తి పడమటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“మీ ఫొటో ఏ డాబా మీంచి తీశారో నాకు తెలుసండి. ఈధి తిరిగేదాన్ని గదాండి. ఎవరు ఎక్కడ నిలబడి ఏం చేస్తన్నారో కనపడుద్ది.”

“ఎవరు?” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఎవరు చెప్పు?”

నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

“చెప్పనండి.”

“ఎందుకని?”

“చెప్తే మీరు ఊరుకోరండి. రేపు ఆళ్ల గేటు ఉంటాది ఫోన్లో.”

నేను అలాంటిదాన్ని కాదు అనబోయి ఆగిపోయాను. ఆవిడ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ పూట చేపలు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత పదిరోజులకు ఫొటోలు ఆగాయి. ఎవరికో జాలి కలిగి కాదు, గ్రూపుకు ఇంకో ఊళ్లో ఇంకొకరు దొరికారు. నేను బయటికొచ్చేశాను. ముఖం లేని ఆ ఖాతా ఎవరిదో, ఆ బోలెడు ఫొటోల్లో ఇంకా ఏమున్నాయో నాకు ఈనాటికీ తెలియదు. మాస్టారి ఇంటికి రెండుసార్లు వెళ్లొచ్చాను. కొత్త చూపుతో పత్రిక చదువుకుంటున్నారు. ఫోను మాత్రం వాళ్లావిడ దగ్గరే ఉంటోంది.

చేపలావిడ ఇప్పటికీ మా వీధిలోనే అమ్ముతోంది. వీధి మొదట్లో కేక మొదలుపెడుతుంది. మా ఇంటి ముందుకొచ్చేసరికి ఆపేస్తుంది. దాటాక మళ్లీ అందుకుంటుంది. నేను లోపల పనిలో ఉన్నా, ఆ కాసేపటి నిశ్శబ్దం నాకు స్పష్టంగా వినిపిస్తుంది.

మా ఆయన డాబాకు పడమటి వైపు పచ్చటి షేడ్‌నెట్ కట్టించాడు. మొక్కలకు మధ్యాహ్నం ఎండ సగమే అందుతోంది, మిరప ఎదగడం లేదు. మొన్న నేను నీళ్లు పోస్తుంటే అవతలి డాబా మీంచి, ఆ నాలుగిళ్లలో ఒకావిడ పలకరించింది.

“ఏంటండీ, నెట్ కట్టేశారు? మీ మొక్కలు కనపడక మాకు పొద్దు గడవట్లేదు.”

“కాకులు పాడుచేసేస్తున్నాయండి” అన్నాను.

“ఔనౌను” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ చేతిలో ఫోను ఉంది. ఉంటుంది కదా, అందరి చేతుల్లోనూ ఉంటుంది. బకెట్టు అక్కడే వదిలేసి కిందికి దిగి మెట్ల తలుపు గడియ పెట్టుకున్నాను.