అంకారావు తీసేసిన టిక్కు

నరసరావుపేటలో మోటారు పెట్టెల అంకారావు అంటే చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. పొలాలకు త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు కదా, అది రాగానే బోరు మోటారును తనంతట తానే ఆన్ చేసే పెట్టెలు అతను తయారుచేస్తాడు. మూడు ఫేజుల్లో ఒక్కటి రాకపోయినా మోటారును కదలనివ్వకపోవడం ఆ పెట్టె గొప్పతనం. రెండు ఫేజులతో తిరగబోతే మోటారు కాలిపోతుంది మరి. ఆ తెలివంతా లోపలున్న ఒక చిన్న చిప్పుది. ఆ చిప్పులోకి ప్రోగ్రాం ఎక్కించే ప్రోగ్రామర్ అనే పరికరాన్ని అంకారావు కుర్రతనంలో సొంతంగా చేసుకున్నాడు.

అంకారావుకు ఒక జబ్బుంది. పిసినారి అనడానికి వీల్లేదు, కొట్టుకొచ్చిన మనిషిని టీ తాగించందే పంపడు. పనిచేస్తున్న పాతదాన్ని పక్కనపెట్టి కొత్తది కొనమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చినట్టు చూస్తాడు. కొట్లోని పాత కంప్యూటర్ కన్నుమూసినప్పుడు, కూతురు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ తెచ్చిపెట్టుకున్నాడు. తీరా చూస్తే ప్రోగ్రామర్ తగిలించే తొమ్మిది పిన్నుల సాకెట్ దానికి లేనే లేదు. యూఎస్‌బీతో నడిచే కొత్త ప్రోగ్రామర్ తెప్పించుకోమని భార్య సుబ్బరత్నం పోరింది.

"ఇది నిక్షేపంలా ఉంటే ఇంకోటెందుకే?" అని, సాకెట్ మార్చే చవక వైరొకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు.

వైరు పనిచేసింది. అంటే, పనిచేసినట్టు నటించింది. పాత కంప్యూటర్ చిటికెలో చేసే పనికి ఇది గంటలో పావువంతు తీసుకునేది. ఎక్కించాక, చిప్పును తిరిగి చదివి సరిగ్గా ఎక్కిందో లేదో సరిచూసే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అక్కడ ప్రతిసారీ తప్పుందంటూ ఎర్ర అక్షరాలు. మిర్చికి నీళ్ళు పెట్టే రోజులు, రైతులు కొట్టు ముందు నుంచి కదలడం లేదు. అంకారావు విసిగిపోయి, సరిచూడమనే గడిలో టిక్కు తీసేశాడు. ఎర్ర అక్షరాలు పోయాయి, ప్రాణం హాయిగా ఉంది. బల్ల మీద ఫేజుకొకటి చొప్పున మూడు బల్బులు వెలిగించి, మోటారును ఆన్ చేసే స్టార్టర్ ఠక్కున పడగానే మూతలు బిగించేశాడు. ఒక ఫేజు తీసేసి చూసే అలవాటును ఆ హడావుడి మింగేసింది.

కొన్నాళ్ళకు ఈపూరు రైతు వెంకటాద్రి కాలిపోయిన మోటారును వైండింగుకు ఆటోలో వేసుకొచ్చి, దారిలో కొట్టు దగ్గర ఆగాడు.

"లైన్‌మన్ కృపావరంగాడు ఫ్యూజు సరిగ్గా ఎయ్యలా. ఒక ఫేజు పోయింది, మోటారు తగలబడింది. సెంటర్లో కాలరు పట్టుకుని గుంజా. వాడి మీద పైవాళ్ళకు అర్జీ కూడా పెడతా. నీ పెట్టె ఉండి కూడా కాలిందంటే వాడు ఎంత ఘోరం చేసుండాలి, చెప్పు!"

వెంకటాద్రి వెళ్ళగానే అంకారావు అదే వారంలో చేసిన పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, ఒక ఫేజు తీసేశాడు. ఠక్. పడకూడని స్టార్టర్ పడింది. అలాంటి పాత కంప్యూటరే ఇంకా మూలుగుతున్న జిరాక్సు కొట్టుకు ప్రోగ్రామర్‌తో పరిగెత్తి చిప్పును చదివించాడు. ప్రోగ్రాం సగమే సరిగ్గా ఎక్కింది, మిగతా సగం చెత్త. ఆ ప్రోగ్రామర్ తనకు కావలసిన కరెంటును సాకెట్ నుంచే లాక్కుంటుంది. చవక వైరుకు అంత సత్తువ లేదు. ఎర్ర అక్షరాలు నిజమే చెప్పాయి, వాటి నోరు నొక్కింది తనే.

మర్నాడు కృపావరమే వెతుక్కుంటూ వచ్చాడు. "అన్నా, ఒక ఫేజు పోతే మీ పెట్టె ఆపుద్దంటారు గదా, మరి ఎందుకు ఆపలా? చానా మంది నన్ను దొంగను చూసినట్టు చూస్తన్నారన్నా."

"ఒక్కోసారి అట్టా అయిద్దిలే" అన్నాడు అంకారావు, టంకం వేస్తున్న పని మీద నుంచి తలెత్తకుండా. కృపావరం టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ మాట అన్న నోటికి ఆ పూట అన్నం సయించలేదు. తప్పుడు పెట్టెలు మరికొందరి పొలాల్లో ఉన్నాయి. వెళ్ళి మారుస్తానంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూ కొట్లోనే కూర్చున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా కాలు కదల్లేదు.

వెంకటాద్రి మోటారు బాగై బోరులో దిగిన రోజు పెట్టె బిగించడానికి రమ్మని ఫోనొచ్చింది. జిరాక్సు కొట్లో సరిగ్గా ఎక్కించి, సరిచూసిన చిప్పు జేబులో వేసుకుని వెళ్ళాడు. గుట్టుగా మార్చేస్తే ఎవరికీ తెలియదు. తీరా అక్కడ కృపావరం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఫ్యూజు ఈసారన్నా సరిగ్గా ఎయ్యరా!" అని కసిరాడు వెంకటాద్రి. కృపావరం తలొంచుకుని ఫ్యూజు బిగించాడు.

అంకారావు జేబులోంచి చెయ్యి తీశాడు. "తప్పు అతనిది కాదు బాబాయ్. నా పెట్టెదే."

వెంకటాద్రి నవ్వాడు. "నువ్వు మంచోడివి. వాడి తప్పు నీ నెత్తిన ఏసుకుంటన్నావు."

ఆ నవ్వు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. అంకారావు చిప్పు మార్చలేదు. మోటారు వైర్లు విప్పి పక్కన పడేసి, పాత చిప్పుతోనే పెట్టెకు లైను కలిపాడు.

"కృపావరం, ఒక ఫ్యూజు పీకు."

పీకాడు. రెండే ఫేజులు. ఠక్. స్టార్టర్ పడింది. అది పడకూడదని ఆ ముగ్గురికీ తెలుసు.

వెంకటాద్రి ముఖంలో నవ్వు పోయింది. కృపావరం వైపు చూడబోయి చూడలేక, అంకారావు మీదికి తిరిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు మోటారు తెచ్చిన రోజే."

"ఇట్టాంటియి ఇంకా ఎవరెవరి పొలాల్లో బిగిచ్చావు?"

అంకారావు ఒక్కొక్క పేరే చెప్పాడు. వెంకటాద్రి అక్క పేరు కూడా అందులో ఉంది.

కృపావరం ఫ్యూజు తిరిగి వేసి, బండి స్టార్ట్ చేశాడు. "ఎక్కన్నా. అయన్నీ నా లైను కిందియే. ముందు పెట్టెలు ఆఫ్ చేసొద్దాం. ఏ ఫేజు ఎప్పుడు పోద్దో!"

"నన్నొక్క మాట తిట్టరాదా?" అన్నాడు అంకారావు.

"తిడతాలే తీరిగ్గా. ఎక్కు."

ఎక్కాడు. ముందు కూర్చున్న కృపావరం చొక్కా కాలరు, వెంకటాద్రి గుంజినప్పుడు చిరిగిన చోట, రంగు కలవని దారంతో కుట్టి ఉంది. మిర్చి చేల మధ్య దారి పొడుగునా అంకారావు కళ్ళకు ఆ కుట్టు తప్ప ఇంకేమీ కనిపించలేదు.