ఈగలు ఉట్టిగ రావన్న అత్తమ్మ

పక్కింటి అత్తమ్మ పోయిందన్న కబురు పొద్దున పది గంటలకి, నేను గ్రైండర్లో మినప్పప్పు రుబ్బుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది వాళ్లబ్బాయి. "అక్కా, అమ్మ లేదు" అన్నాడు. "ఎక్కడికెళ్లింది?" అన్నాను. నిజంగా అలాగే అన్నాను. నాలుగు రోజుల కిందట తన కాళ్లతో తనే మెట్లు దిగి అంబులెన్స్ ఎక్కిన మనిషి, పోతూ పోతూ "తలుపు గొళ్లెం చూడు బిడ్డా" అని నాకు పని కూడా చెప్పిన మనిషి, లేకపోవడమేమిటి? పిండి వేడెక్కి పాడయ్యేదాకా మోటారు ఆపాలని నాకు తట్టలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ వేసవిలో సూరత్‌లో ఎన్ని ఇళ్లలో ఇలాంటి ఫోన్లు మోగాయో నాకు తెలుసు. అయినా నా మనసు కుదుటపడదు. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆమెకి బాగోలేదని అందరికంటే ముందు తెలియాల్సింది నాకు. ఎందుకు తెలియలేదన్నదే నన్ను తినేస్తున్న ప్రశ్న.

మాది గోదావరి వైపు. మా ఆయన ఉద్యోగం మమ్మల్ని సూరత్ శివారు అమ్రోలిలో పడేసింది. అత్తమ్మ వాళ్లు తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చిన నేతవాళ్లు. భర్త పోయాక ఆమె చాలా ఏళ్లు లారీ మీద పండ్లమ్మింది. ఇక్కడ తోపుడు బండిని లారీ అంటారు లెండి. కొడుకు చేతికందాక బండి మానేసింది గానీ పండు వాసన పసిగట్టే ఆ ముక్కు మాత్రం మానలేదు. ఒకసారి డుమస్ బీచ్‌కి తీసుకెళితే, టమాటా భజియా తింటూ తింటూ ఆగి, దుకాణం వాడితో "కాకా, నీ ఎనుక అరటిపండ్లు సాయంత్రం దాంక ఆగయి, ఇప్పుడే అమ్ముకో" అని తెలుగులోనే చెప్పింది. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను హిందీలో చెబితే వెనక్కి తిరిగి చూసుకుని ఆమెకి దణ్ణం పెట్టాడు.

మొదటి లాక్‌డౌన్‌లో నేను ఇంట్లోనే ఇడ్లీ పిండి చేసి అమ్మడం మొదలుపెట్టాను. పిండి పులిసేసరికి వంటింటి నిండా చిన్న ఈగలు. నాకు అసలే శుభ్రం పిచ్చి, పైగా నోరెక్కువ. అరటిపళ్లన్నీ పారేశాను, ఈగలు పోలేదు. మందు డబ్బా తీసి కొడుతుంటే, ఆ వాసనకి అత్తమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చేసింది.

"తినే పిండి మీద మందు కొడ్తవా? నీకు అకల్ ఉన్నదా?"

"మరేం చెయ్యను అత్తమ్మా, ఈ ఈగలతో చచ్చిపోతున్నాను!"

"ఈగ ఉట్టిగ రాదు బిడ్డా. ఎందుకొచ్చిందో ముందుగాల అడుగు. కొట్టుడు తర్వాత."

గోడ మీద వాలినదాన్ని కళ్లు చికిలించి చూసింది. "గిది పండు ఈగ కాదు. పండు ఈగకు కండ్లు ఎర్రగుంటయ్, పులిసిన వాసనకొస్తది. గిది మోరీ ఈగ. రెక్కల మీద నూగు చూడు, బుజ్జి సీతాకోక లెక్క. నీ అరటిపండ్లు ఏం పాపం చేసినయ్?" అని, ఒక ప్లాస్టిక్ కవరుకి నూనె రాసి వంటింటి తూము మీద, ఆమె భాషలో మోరీ మీద, బోర్లా అంటించింది. తెల్లారి చూస్తే దాని లోపలి వైపంతా ఈగలు అతుక్కుని ఉన్నాయి. గొట్టం లోపల పట్టిన జిగురులో అవి గుడ్లు పెడుతున్నాయట. పాత బ్రష్షుతో ఆ జిగురు గీకి పారేశాక వారానికల్లా మాయమయ్యాయి.

మరోసారి నిజంగానే పండు ఈగలొచ్చాయి. బంగాళాదుంపల బుట్ట ఒంపించి అడుగున కుళ్లిన ఒక్క దుంపని పట్టుకుంది. మిగిలిన ఈగల కోసం గ్లాసులో సిర్కా, అదే వెనిగర్, పోసి, అందులో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేయించింది. "సబ్బు లేకుంటె నీళ్ల మీద నడుస్తది, ఉంటె మునుగుతది" అంది. తడి నేలగుడ్డ మూలన పడేస్తే తిట్టేది. బియ్యంలో ముక్క పురుగు కనిపిస్తే ఎండలో పరిపించేది. నా పిండిలో ఇప్పటిదాకా ఒక్క ఈగ పడలేదంటే అదంతా ఆమె చలవే.

ఆ రెండో వేసవిలో కొడుకూ కోడలూ పెళ్లికని ఊరెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. అత్తమ్మ ఒక్కతే ఉంది. ఒకరోజు పొద్దున నా పిండి బకెట్ల మూతల మీద ఎర్ర కళ్ల ఈగలు ముసిరాయి. మోరీ చూశాను, దుంపలు చూశాను, నేలగుడ్డ చూశాను. ఏమీ లేదు. గ్యాలరీలో, అదే బాల్కనీలో, నిలబడితే అవి ఆమె కిటికీలోంచి వస్తున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"అత్తమ్మా! ఈగలన్నీ మీ ఇంట్లోంచే వస్తున్నాయి! నాకు పాఠాలు చెప్పి మీరే ఇల్లిలా పెట్టుకుంటే ఎలా?"

కాసేపటికి పరదా వెనక నుంచి నీరసంగా వినిపించింది. "అవునా బిడ్డా? నాకేం వాసన రాలే. కడుగుత తియ్."

నాకేం వాసన రాలే. ఈ చెవులతో విన్నాను. వాసన తెలియకపోతే ఏమిటో ఆ రోజుల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేనే రోజూ లేవగానే కాఫీపొడి డబ్బా మూత తీసి వాసన చూసుకుని, అమ్మయ్య అనుకునేదాన్ని. అలాంటిది, వీధి చివర మాగిన పండుని ఇంట్లోంచి పసిగట్టే మనిషి వాసన రాలేదంటే నాకు ఏమీ తోచలేదు. వెళ్లి తలుపు తట్టలేదు. గ్యాలరీ గోడ మీద సిర్కా గ్లాసు పెట్టాను. మర్నాటికి అడుగున ఈగలు నల్లగా పేరుకుంటే, భలే పట్టానని సంబరపడ్డాను కూడా. ఛీ, ఏం మనిషిని! ఆ మర్నాడే ఆమెకి ఊపిరందక అంబులెన్స్ పిలిచాం.

ఆమె పోయిన వారానికి కొడుకు రాగలిగాడు. ఇల్లు తెరిచేటప్పుడు నన్ను తోడు రమ్మన్నాడు. లోపలంతా కంపుగా, మురిగ్గా ఉంటుందనుకున్నాను. వంటగది మెరిసిపోతోంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి, మోరీ గీకి ఉంది, నేలగుడ్డ పిండి దండెం మీద ఆరేసి ఉంది. ఈగలు మాత్రం మంచం చుట్టూ ముసురుతున్నాయి. ఏటా ఆమె పచ్చి కేసర్ మామిడికాయలు మంచం కింద గడ్డిలో మాగేసి, పైన గోనె కప్పి, పొద్దున్నే వంగి వాసన చూసి మాగినవి తీసేది. కొడుకు గోనె ఎత్తాడు. కాయలన్నీ నీరుకారిపోయాయి.

"ఎప్పటిసంది బాగలేదని దవాఖాన్ల అడిగిన్రక్కా. నాకు తెల్వదన్న. మీకేమన్న తెలుసా?"

దాచాలనిపించింది. దాచలేకపోయాను. నేను అరిచిన అరుపు, ఆమె చెప్పిన జవాబు, గోడ మీద గ్లాసు, అన్నీ చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను.

అతను నేల వైపే చూస్తూ అన్నాడు. "గా రోజు నాతోని ఫోన్ల మాట్లాడిందక్కా. ఇల్లు కడుగుతున్న, మల్ల చేస్త అన్నది. మాట మాటకు ఆయాసపడ్డది. పనిల ఉన్నది గదా అనుకున్న."

అప్పుడు నేనూ నేల చూశాను. బండల మీద ఫినాయిల్ తెల్లగా ఎండి, నేలగుడ్డ తిప్పిన గీతలు కనబడుతున్నాయి. నిలబడి తుడిచిన గీతలు కావవి. కూర్చుని, చెయ్యి చాచినంత మేర తుడిచి, కాస్త జరిగి, మళ్లీ చెయ్యి చాచినంత మేర తుడిచినవి. వంటగది నుంచి అలా ఒకదాని పక్కన ఒకటి వచ్చి, మంచానికి మూరెడు దూరంలో ఆగిపోయాయి.