చుక్కలక్క కుడిచెయ్యి

మా ల్యాబులో అందరూ ఆమెను చుక్కలక్క అంటారు. ఆమె పని చుక్కలు తెంపడం. బొటనవేలి గోరంత గాజు చిప్పులో వెంట్రుకకన్నా సన్నని కాలువలుంటాయి. ఒకదాంట్లో రక్తం కలిపిన నీరు, పక్కల నుంచి నూనె. రెండూ కలిసేచోట నూనె ఆ నీటిని తెంపి వేల చుక్కలు చేస్తుంది. ఒక్కో చుక్కనూ విడిగా చూస్తే, అంతా కలిపి చూసినప్పుడు దొరకని లోపం దొరుకుతుంది. తెగుతున్నంతసేపూ బల్ల అదరకూడదు. అదిరితే చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. పైగా వాటిని చిప్పులోకి తోసే మా పంపు మూలనపడాల్సిన సరుకు. కుడిచేత్తో గొట్టాన్ని అదిమి పట్టుకోకపోతే ఊడొస్తుంది.

అక్కకు కోపం ముక్కుమీదే ఉంటుంది. బల్లకు ఆనుకున్నందుకు పెద్ద డాక్టరు వీపు మీదే ఒక్కటిచ్చింది. బస్సులో తన మీద చెయ్యేసినవాడి పన్ను రాలగొట్టి, దాన్ని వాడి జేబులోనే వేసి దిగిపోయిందట. మేమెవరమూ చూడలేదు గానీ అందరం నమ్మాం.

అలాంటి మనిషి ఒకరోజు దెబ్బలు తింటూ కదలకుండా నిలబడింది.

అక్క చెల్లెలు మొగుడి తన్నులు పడలేక వచ్చేస్తే అక్క ఆమెను ఎక్కడో దాచింది. ఆ మొగుడు తిన్నగా ల్యాబుకే వచ్చాడు. అక్క పనిచేస్తున్న లోపలి గదిలోకి దూరి గడియ పెట్టాడు. నేను అద్దం తలుపుకు ఇవతల ఉండిపోయాను. అప్పటికే చిప్పులో ఒక పసిపాప రక్తం నడుస్తోంది. పాపకు ఇతరుల రక్తం ఎక్కించకముందు తీసింది అదొక్కటే. మళ్లీ తీస్తే పరాయి రక్తం కలిసే వస్తుంది. లోపమేదో తేలితేనే మందు.

“నా పెళ్లాం ఎక్కడ వదినా?”

“పని కానీ, చెప్తా. బల్ల ముట్టుకోకు.”

చెంప మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పెదవి చిట్లింది. నెత్తురు చిప్పు మీద పడకుండా అక్క మొహం పక్కకు తిప్పుకుంది తప్ప కుడిచెయ్యి కదల్లేదు. వాడు ఎడమచెయ్యి పట్టుకుని చిటికెనవేలు వెనక్కి విరిచాడు. ఆ చప్పుడు నాకు అద్దం ఇవతలికి వినిపించింది.

నేను మంటలార్పే సిలిండరు ఎత్తాను. అక్క నావైపు చూసి వద్దని తల ఊపింది. ఆ బల్ల బిగించింది తలుపున్న గోడకే. తలుపు బద్దలుకొడితే పాప ఆశ పోతుంది, ఆగితే అక్క వేళ్లు పోతాయి. సిలిండరు ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే ఉండిపోయాను. వాణ్ణి చంపెయ్యాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

“చెప్తావా లేదా?” అంటూ వాడు ఉంగరపువేలు కూడా విరిచాడు. అక్క పళ్లు కొరికింది. అరవలేదు.

ఆఖరి చుక్క తెగింది. అక్క ఒంటిచేత్తోనే చుక్కలు పట్టిన ట్యూబుకు మూత బిగించి స్టాండులో పెట్టి, దాన్ని తలుపుకు దూరంగా జరిపింది.

“తమ్ముడూ, ఇక పగలగొట్టు!” అంది.

నేను లోపలికి దూకేసరికే ట్యూబులు నిలబెట్టే మరో ఖాళీ ఇనుపదిమ్మ అక్క చేతిలో ఉంది. మొదటి దెబ్బకే వాడి దవడ విరిగింది. కిందపడ్డాక గుండెల మీద కూర్చుని కొట్టింది. వాడు “వదినా, వదినా” అని ఏడ్చాడు. నేనూ, చప్పుడుకు పరిగెత్తుకొచ్చిన వాచ్‌మనూ చెరో రెక్కా పట్టి లాగుతున్నా కాళ్లతో తన్నింది.

ఆ పాప చుక్కలు పాడవలేదు. లోపం దొరికింది, మందు మొదలైంది.

దవడకు కట్టు కట్టించుకున్నవాడు అక్క మీద కేసు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు ఆసుపత్రికొచ్చి అక్క మంచం పక్కన కుర్చీ లాక్కున్నాడు.

“మొదటి వేలు విరిచినప్పుడే కొట్టుంటే ఆత్మరక్షణ అనేవాళ్లం కదమ్మా. అప్పుడు ఊరుకుని, అంతా అయ్యాక ఎందుకు కొట్టారు?”

అక్క కట్టు లేని చేతిని దుప్పటి మీద పెట్టి చూసుకుంది.

“అప్పుడు ఈ చేతిలో పసిపిల్ల ఉంది సార్.”