గుండు మీద టోపీ

పైలట్లకి తెల్లచొక్కా, భుజాల మీద పట్టీలు, తల మీద టోపీ దేనికి, టీ షర్టు వేసుకుంటే విమానం ఎగరనంటుందా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎగురుతుంది. నడిపేవాళ్ళు ఏం వేసుకున్నారో విమానానికి అక్కర్లేదు. అక్కర ఉన్నది ఎక్కేవాళ్ళకి. ఈ ముక్క నేను మా కంపెనీ మీటింగులో చెప్పాలనుకున్నాను. ఆ రోజు నా తరఫున మాట్లాడతానన్న మనిషి లేచి నిలబడి ఇంకేదో మాట్లాడారు.

మాది పామర్రు పక్కన పల్లె. నాన్నకి పొలం ఉంది, పామర్రు సెంటర్లో ఎరువుల కొట్టు ఉంది. నేను పైలట్ ఉద్యోగంలో చేరి, యూనిఫామ్‌తో మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు నాయనమ్మ నా భుజాలు తడిమి చూసింది.

"ఇవేంటే, జరీ ముక్కలు?"

"పట్టీలు నాయనమ్మా."

"కాళ్ళకి పెట్టుకోవే అంటే గోలగా ఉన్నాయని తీసి పారేసావు. ఇప్పుడు భుజాలకెక్కించుకున్నావా!"

ఆ తరువాత ఇంటికి ఎవరొచ్చినా, మా పిల్ల భుజాలకి పట్టీలు పెట్టుకుంటుంది అని చెప్పి నవ్వేది. నాన్న మాత్రం లెక్క అడిగి తెలుసుకున్నాడు. మూడుంటే కో పైలట్, నాలుగుంటే కెప్టెన్. విమానానికి ఇద్దరుంటారు, మాట చెల్లేది నాలుగు పట్టీలవాళ్ళదే. విని, "ఆ నాలుగోది రానీయమ్మా. ఆ రోజు ఎక్కుతాను నీ విమానం" అన్నాడు. నాన్న అప్పటిదాకా విమానం ఎక్కలేదు. ఆ మాట నా మనసులో పడిపోయింది. నాలుగో పట్టీ నాకు జీతం కోసమో హోదా కోసమో కాదు, నాన్న దాన్ని చూసి నా విమానం ఎక్కాలి, అంతే.

నాకు పని నేర్పిన కెప్టెన్‌గారిది బందరు దగ్గర ఊరు. వాళ్ళది చేపల వ్యాపారం చేసే కుటుంబం. హైదరాబాదులో నేను బెదురుతూ చేరిన రోజున, నా మాట వినగానే "మన కృష్ణా జిల్లా పిల్లవా!" అని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను ఆయన్ని సార్ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవారు. అడ్డగాలిలో విమానాన్ని ఎలా దింపాలో, పై అధికారి అరిస్తే ఎలా ఊరుకోవాలో, రెండూ ఆయనే నేర్పారు. పరాయి ఊళ్ళో సొంత జిల్లా మనిషి దొరికితే మనవాళ్ళకి చుట్టం దొరికినంత సంబరం. నేనూ అలాగే నమ్మాను. నమ్మబట్టే మా బాబాయి సంగతి ఆయనకి చెప్పాను.

ఆ సంగతి ఇది. ఒకసారి గన్నవరంలో నా విమానం ఎక్కడానికి బాబాయీ, పిన్నీ వచ్చారు. హైదరాబాదులో ఏదో పెళ్ళి. తలుపు దగ్గర నన్ను చూసి బాబాయి మురిసిపోయాడు, పక్క సీటాయనకి మా అన్నగారి అమ్మాయండీ అని చూపించాడు. నేను లోపలికి వెళ్ళి మైకులో నమస్కారం చెప్పానో లేదో, వెనక కలకలం. బాబాయికి గుండెల్లో పట్టేసినట్టుందట, దిగిపోతానన్నాడు. దింపేశాం. పిన్ని మాత్రం కిటికీ పక్క సీటు వదల్లేదు. హైదరాబాదులో దిగేటప్పుడు ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "మీ బాబాయికి ఏ నొప్పీ లేదమ్మా. నడిపేది నువ్వని భయం. ఆయన బస్సులో వస్తార్లే. మీ నాన్నతో మాత్రం అనకు" అంది.

అనలేదు. అంటే అన్నదమ్ముల మధ్య మాటలుండవు. కానీ నా కడుపులో ఇమడలేదు. ఎత్తుకుని పెంచిన బాబాయి. వేరే ఎవరో దిగిపోయి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. రెండు రోజులు అన్నం సయించక, చివరికి సార్‌కి చెప్పుకుని ఏడ్చాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాదని నా నమ్మకం. "ఎవరికీ చెప్పకు. నాలుగో పట్టీ వచ్చాక మీ బాబాయే ముందు వరసలో కూర్చుంటాడు చూడు. ఆ పట్టీ నేనే తగిలిస్తా నీకు" అన్నారు.

కెప్టెన్ పరీక్షలన్నీ గట్టెక్కాను. ఆర్డరు చేతికొచ్చేలోగా కొత్త వార్త వచ్చింది. ఇకనుంచి పైలట్లకి యూనిఫామ్ ఉండదట. ప్రయాణికులకి మనం స్నేహితుల్లా కనబడాలట. కంపెనీ బొమ్మ వేసిన నీలం టీ షర్టు, మామూలు ప్యాంటు. పట్టీలు లేవు, టోపీలు లేవు. ముందు పైలట్ల మాట కూడా వింటామని మీటింగు పెట్టారు.

చాలామందికి సంతోషమే. నిజం చెప్పాలంటే సుఖమూ ఉంది. రోహిణీ కార్తెలో గన్నవరంలో విమానం చుట్టూ ఒక్కసారి తిరిగి వస్తే తెల్లచొక్కా వీపుకి అంటుకుపోతుంది, మెడ దగ్గర టై ఉరితాడులా ఉంటుంది. కానీ నా గోడు వేరు. మగవాడు టీ షర్టులో నిలబడితే పైలట్ కాబోలు అనుకుంటారు. నేను నిలబడితే, అమ్మా కాసిని మంచినీళ్ళు అంటారు. పట్టీలుండగానే అన్నవాళ్ళున్నారు. అవీ పోతే నేనెవరో ఊరూరా నోటితో చెప్పుకోవాలి. బస్సులో ఖాకీచొక్కా లేనివాడు టికెట్ అడిగితే ఎవరిస్తారు? పొగలు కమ్మినప్పుడు దూకండి అని అరిస్తే, ఆ అరిచినది ఎవరో తెలిస్తేనే జనం దూకుతారు.

ఇదంతా సార్‌కి గన్నవరం క్యాంటీన్లో చెప్పాను. ఆయన అప్పుడే తిరుమల వెళ్ళి వచ్చారు. అలల్లా ఉండే నెరిసిన జుట్టు ఆయనకి మహా ముద్దు. మొక్కు ఉందని మొత్తం స్వామికి ఇచ్చేసి, నున్నటి గుండు మీద టోపీ పెట్టుకుని వచ్చారు. "ఈ టోపీ కూడా తీసేస్తామంటున్నారు, నా గుండు గతేంటమ్మాయ్?" అని నవ్వించారు. నేను నా భయమంతా చెప్పాక మాత్రం నవ్వలేదు. జేబులోంచి పొట్లం తీసి, లడ్డూ తుంచి నా చేతిలో పెట్టారు.

"మీటింగులో నువ్వేం మాట్లాడకు. కుర్రదానివి, కొత్తగా కెప్టెన్ అవుతున్నావు. నేను మాట్లాడతాను. నా మాట కాదనరు."

"తప్పకుండా అడ్డం చెబుతారుగా సార్?"

"ప్రసాదం చేతిలో పెట్టి అబద్ధం ఆడతానేంటే, పిచ్చిపిల్లా!"

లడ్డూ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

మీటింగు రోజుకి ఆయన తల మీద గరుకు గరుకుగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. పెద్దాయన లేచారు. నేను ముందుకి వంగి కూర్చున్నాను. గొంతు సవరించుకుని, యూనిఫామ్ అంటే మనకి మనం వేసుకునే దండ అన్నారు. నైపుణ్యం చేతుల్లో ఉంటుంది గాని చొక్కాలో ఉండదన్నారు. ఎటు తిప్పి ఎటు తెస్తారో అని నేను ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నాను.

అప్పుడు, "ఒక చిన్న కథ చెప్తా. మన దగ్గరే ఒక అమ్మాయి ఉంది. తెల్లచొక్కా, టోపీ, పట్టీలు అన్నీ పెట్టుకునే ఉంది. వాళ్ళ సొంత బాబాయి విమానం ఎక్కాడు. నడిపేది మన పిల్లే అని తెలిసి, గుండెనొప్పి అని చెప్పి దిగి బస్సెక్కాడు! భార్య మాత్రం దిగలేదు!" అన్నారు.

హాలు ఘొల్లుమంది. మా కంపెనీ పైలట్లలో అప్పటికి తెలుగు అమ్మాయిని నేనొక్కదాన్నే. తలలన్నీ నా వైపు తిరిగాయి. "మరి యూనిఫామ్ ఆపిందా ఆ బాబాయిని?" అని సార్ రెండు చేతులూ చాచారు. చప్పట్లు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఆ కథలో పిల్ల నేనేనని ఒప్పుకున్నట్టవుతుందని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా దవడలు నొప్పెడతాయి.

ఇంటి గుట్టు లంకకి చేటు అని ఊరికే అనలేదు. నా గుట్టు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను గనక ఎవరినీ ఏమీ అనలేక ఆ రోజు బాత్‌రూములో నీళ్ళు వదిలి ఏడ్చాను. అయినా సార్‌ని పూర్తిగా వదులుకోలేదు. మీటింగు వేడిలో మనసు మారి ఉంటుంది, పైవాళ్ళు ఒత్తిడి పెట్టి ఉంటారు, నాకు ముందు చెప్పడానికి వీలు చిక్కి ఉండదు అని ఆయన తరఫున నేనే సాకులు వెతికాను.

ఆ సాకులన్నీ బెంజ్ సర్కిల్లో పోయాయి. తరువాతి వారం విజయవాడ వచ్చి, ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆటోలో ఆగాను. తలెత్తితే మా కంపెనీ హోర్డింగ్. "మీ పక్కింటి అబ్బాయే మీ పైలట్!" అని పెద్ద అక్షరాలు. కింద నీలం టీ షర్టులో, చేతులు కట్టుకుని నవ్వుతూ సార్. నవ్వు సరే. తల మీద జుట్టు! అలలు అలలుగా, నెరిసి, దువ్విన జుట్టు.

సిగ్నల్ పడింది, ఆటో కదిలింది, నా చూపు అక్కడే ఉండిపోయింది. వారం కింద మీటింగులో ఆ తల మీద వేలి మందం వెంట్రుక లేదు. అంటే ఆ ఫొటో తిరుపతికి వెళ్ళక ముందుది. క్యాంటీన్లో నా చేతిలో లడ్డూ పెట్టేనాటికే ఆయన టీ షర్టు తొడుక్కుని, కెమెరా ముందు నిలబడి, నవ్వి వచ్చేశారు. మనసు మారడం కాదు, మారడానికి ఆ మనసు నా వైపు ఎప్పుడూ లేనే లేదు. నన్ను మాట్లాడవద్దన్నది నా మంచికని అనుకున్నాను. నమ్మించి గొంతు కోయడం అంటే వినడమే గాని నాకు జరగడం అదే మొదలు.

ఆ మర్నాడే గన్నవరంలో కనబడ్డారు. నమస్కారం కూడా పెట్టకుండా అడిగాను.

"హోర్డింగ్ ఫొటో ఎప్పుడు తీశారు సార్?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి తిన్నగా తల మీదకి పోయింది.

"అదా... ముందే తీశార్లేమ్మా. ఊరికే ట్రయల్ అన్నారు."

"మరి నాకు మాటెందుకిచ్చారు?"

"నువ్వు అంత బాధపడుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదే."

"బాబాయి సంగతి?"

"పేరు చెప్పలేదుగా! నీకంత పట్టింపు అనుకోలేదు."

ఆయన ముఖంలో తప్పు చేశానన్న జాడే లేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది. "అందరి టోపీలూ తీయించి, అన్నీ కలిపి నాకు పెట్టారు సార్" అని వచ్చేశాను. వెనక నుంచి "అమ్మాయ్" అని పిలిచారు. తిరగలేదు. మళ్ళీ ఆయన్ని సార్ అనలేదు, ఎదురైతే కెప్టెన్‌గారూ అంటాను.

నేను కెప్టెన్‌ని అయ్యాను. పట్టీ తగిలించే వేడుక లేదు, ఫోనులో మెసేజ్ వచ్చింది, టీ షర్టు ప్యాకెట్ వచ్చింది. నాన్నకి చెబితే మాట తప్పలేదు. హైదరాబాదులో కొట్టు పని చూసుకుని, నేను నడిపే విమానానికి గన్నవరం టికెట్ కొనుక్కున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, తెల్లపంచె. ఎక్కేటప్పుడు నన్ను పైనుంచి కిందకి చూశాడు. "మరి ఆ పట్టీలేవమ్మా?" అన్నాడు. తీసేశారని చెప్పాను. "ఓహో" అని సీటు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు నా పక్కన కో పైలట్‌గా వచ్చినాయన వేరే కంపెనీ నుంచి మారినవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, ఆరడుగుల మనిషి, చెవుల దగ్గర నెరుపు. ఇద్దరివీ ఒకటే నీలం టీ షర్టులు. కాలవలు, పచ్చటి మళ్ళు దగ్గరకొస్తుంటే నింపాదిగా దింపాను. చక్రాలు ఆనినట్టు నాకే తెలియలేదు, అంత బాగా దిగింది. ఇద్దరం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాం. దిగేవాళ్ళంతా ఆయనకి థాంక్యూ కెప్టెన్ అని చెప్పి దిగుతున్నారు. పరాయివాళ్ళు, పోనీ అనుకున్నాను. నా చూపు నాన్న కోసమే.

నాన్న అందరికంటే చివర వచ్చాడు. కళ్ళు మెరుస్తున్నాయి. నా తల మీద చెయ్యి వేశాడు. ఆ తరువాత ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"మా అమ్మాయి అండీ. కొత్త. మళ్ళీ వెనక్కి వెళ్ళేది మీరిద్దరేనటగా. కాస్త కనిపెట్టి ఉండండి బాబూ."

"నాన్నా, కెప్టెన్‌ని నేను" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

"నాకు తెలియదా అమ్మా! పెద్దాయన కదా, ఒక మాట చెప్పి ఉంచాను" అన్నాడు నాన్న.

కో పైలట్ కాదనలేదు. "అలాగేనండీ, నేను చూసుకుంటాను" అన్నాడు.

నా భుజాన నాలుగు, ఆయన భుజాన మూడు కనబడుతుంటే నాన్న చేతులు అటు జోడించేవి కావని ఎన్నోసార్లు అనుకున్నాను. అప్పుడూ జోడించేవాడేమో అన్న భయం కూడా లేకపోలేదు. అది ఎటో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. ఆ ఒక్కటి తెలుసుకునే వీలు కూడా నాకు లేకుండా చేశారు. బాబాయి నన్ను నమ్మక దిగిపోయాడు. నాన్న నేను నడిపినంతసేపూ కూర్చుని, సుఖంగా ఊరు చేరి, నన్ను ఇంకొకరికి అప్పగించి దిగాడు.