లాయంలో పద్దెనిమిది మీటర్లు

అమ్మ మీద ఒట్టు పెట్టను. ఈ సంగతి ఆమెకింకా తెలీదు. కానీ ఇందులో ఒక్క మాట కూడా నేను కలిపింది లేదు.

మాది నెల్లితోపు. పాత కట్టడాలు కొలిచి ప్లాన్ గీసే పని నాది. గోరిమేడు దాటినాక ఒక ఫ్రెంచి దొర తోట ఉంది... అందులో గుర్రాల లాయం. గుర్రాలు పోయి ఎన్ని తరాలైందో. రిపేరుకు ముందు కొలతలు కావాలన్నారు. నేనూ, మేస్త్రీ మునుసామి మామా పోయినాం.

లోపల పొడుగాటి నడవ. తలుపు ఒకటే. ఒక పక్క గుర్రాల గదులు, ఇంకో పక్క గోడకు వరసగా ఇనుప కడియాలు, గుర్రాలను కట్టేసేవి. తుప్పు పట్టి, పైన సున్నం మీద సున్నం పడి, గోడకు అతుక్కుపోయినాయి. మధ్యాన్నం లాగి చూసినా. ఒక్కటీ కదల్లేదు.

చీకటి పడింది. ఒక్క కొలత మిగిలింది... నడవ పొడుగు. తలుపు కాడ నిలబడి లేజర్ మిషన్ నొక్కినా. గదుల కొలతలన్నీ కూడితే పద్దెనిమిది మీటర్లు రావాల. పదకొండు చూపించింది. ఎర్ర చుక్క మాత్రం అవతలి గోడ మీదే ఉంది.

"మామా, కొంచెం అడ్డం తప్పుకో" అన్నా.

"నేను బయట చేతులు కడుక్కుంటా ఉండానే."

మాట నా ఎనక నుంచి వచ్చింది.

మళ్ళీ నొక్కినా. తొమ్మిది.

అప్పుడు వినపడింది. టింగ్... కడియం గోడకు తగిలిన చప్పుడు. ఆ చివర. ఆగింది... ఇంకో టింగ్. కొంచెం దగ్గరగా. ఒక్కో కడియాన్నీ తాకుతా... తొందర లేకుండా... వస్తా ఉంది.

పారిపోవాల్సింది. వేలు మాత్రం నొక్కతానే ఉంది. ఆరు... నాలుగు... రెండు.

నా పక్క కడియం... ఫోన్ లైట్లో చూస్తా ఉండగానే... ఊగింది. మొహం మీద వెచ్చటి ఊపిరి. తడి గడ్డి వాసన. ఒకసారి... ఇంకోసారి... నేనేదో చేస్తానని కాచుకొనున్నట్టు.

మామ చెయ్యి పట్టి బయటికి లాగినాడు. దోవలో సారం పేట టీ కొట్టు వచ్చేదాకా బండి ఆపలేదు. చప్పుడు ఆయనా విన్నాడంట.

మిషన్లో ఏదో తేడా అన్నాడు మాకు ఆ పని చెప్పిన ఇంజనీరు సారు. అదే మిషన్‌తో పొద్దున మా వరండా కొలిచినా. సరిగ్గానే వచ్చింది.

మామ ఇప్పటికీ కనపడినప్పుడల్లా ఒకటే అడుగుతాడు.

"అది గుర్రమా పాపా? మనిషా?"

ఊపిరి నా మొహం ఎత్తులోనే వచ్చింది. అంతే తెలుసు.